పెద్దపాట ఆగిన చోటు

సుగుణమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వసారాలో కూర్చుని క్లారినెట్ తుడుస్తున్నాను. ఉద్యోగం నుంచి దిగిపోయి ఏళ్ళయినా వారానికొకసారి దాన్ని విప్పి, తుడిచి, కీళ్ళకు కాస్త నూనె పెట్టి మళ్ళీ బిగించనిదే నాకు తోచదు. ఈ మధ్య వాయించేది తక్కువ, తుడిచేది ఎక్కువ. "నరసింహులన్నా, నేనన్నా, కడప నుంచి. దానియేలు మాస్టరు కూతుర్ని" అంది అవతల. ఆ పేరు నా ముందు ఎవరైనా ఎత్తి నలభై ఏళ్ళు దాటింది. ప్రతి గురువారం నాతో కూర్చుని టీ తాగే పాత బ్యాండు స్నేహితుడు ఖాజా కూడా ఎత్తడు. "ఇల్లు అమ్మేస్తాండామన్నా. అటక మింద మా నాయిన పెట్టె ఒకటి ఉండాది. అన్నీ పాటల కాయితాలే. పాత పేపర్లోనికి ఎయ్యాలంటే మనసు రాల్యా. నీకు పనికొస్తాయేమో, వచ్చి చూసుకో" అంది. మర్నాడు పొద్దున్నే కర్నూల్లో కడప బస్సెక్కాను. నంద్యాల దాటి, ఆళ్ళగడ్డ దాటి, మైదుకూరు వచ్చేదాకా పక్క సీటాయన ఏదేదో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను గానీ నా చెవులు అక్కడ లేవు.

మాది మేళగాళ్ళ ఇల్లు. కర్నూలు పాతబస్తీలో బురుజుకు అవతలి వీధి. మా నాయన గుళ్ళో నాదస్వరం వాయించేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన నారాయణ, ఆ పని వదిలేసి బ్యాండు పెట్టాడు. ఒకే ఇంట్లో రెండు వాయిద్యాలు, రెండు పద్ధతులు. తెల్లారుజామునే మా నాయన స్నానం చేసి, తడి పంచెతోనే నాదస్వరం పీకలు నీళ్ళగిన్నెలో వేసి, అవి నానేలోగా విబూది పెట్టుకునేవాడు. అటు పెరట్లో చిన్నాయన మనుషులు ఇత్తడి బాకాలను చింతపండుతో రుద్దుతూ బీడీలు కాల్చేవాళ్ళు. మా అమ్మ వంటింట్లో చెనిక్కాయలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరుతుంటే ఆ వేపుడు వాసన, చింతపండు పులుపు వాసన, బ్యాండు కోట్లు ఉంచిన పెట్టె తెరిస్తే గుప్పుమనే కర్పూరం, పాత చెమట కలిసిన వాసన, అన్నీ ఒకటైపోయేవి. ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు. దగ్గరికి వచ్చి చూస్తే ప్రతి కోటుకూ చంకల్లో ఉప్పు తేలిన తెల్లటి చారలుండేవి. మా నాయన తన నాదస్వరం పెట్టిన గూట్లో నా క్లారినెట్ పెట్టనిచ్చేవాడు కాదు. "అది ఊరేగింపు కొయ్య. ఈడ పెట్టొద్దు" అనేవాడు. నేను చిన్నాయన వెంట పోవడం ఆయనకు చివరిదాకా నచ్చలేదు.

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. పెళ్ళిళ్ళలో మేము ముందు నడిచేవాళ్ళం, వెనక గుర్రమో జీపో, దాని మీద పెళ్ళికొడుకు. మేము ఎంత గట్టిగా వాయిస్తే అంత మేలు. రాగం తప్పినా ఎవరికీ పట్టదు, చప్పుడు తగ్గితే మాత్రం పెళ్ళివారి మనిషి వచ్చి వీపు మీద చరిచేవాడు. "ఏమప్పా, అన్నం తినలేదా, గట్టిగా ఊదు" అని. అన్నం మాత్రం అందరూ తిన్నాక, పందిరి వెనక, కడిగిన పాత్రల పక్కన. నాకు పద్దెనిమిదో ఏడు వచ్చేసరికి వందల పెళ్ళిళ్ళు చేసి ఉంటాను, ఒక్క మనిషి కూర్చుని నా పాట విన్న గుర్తు లేదు. మనుషులకు వినడం రాదని కాదు. గుళ్ళో మా నాయన వాయిస్తుంటే స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకునే ముసలివాళ్ళను చూశాను. మమ్మల్ని వినాలని ఎవరికీ తట్టలేదంతే.

దానియేలు మాస్టరు మా ఇంటికి వచ్చింది అప్పుడే. ఆయన సొంతూరు కడప. పటాలంలో బ్యాండు నేర్పి, పింఛను మీద ఇంటికి వచ్చి, భార్య పోయాక చిన్న కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి, ఏదైనా పని దొరుకుతుందని కర్నూలు వచ్చాడు. చిన్నాయన తన బ్యాండుకు కాస్త దర్జా వస్తుందని ఆయన్ను పెట్టుకుని, మా ఇంటి వెనక గది ఇచ్చాడు. సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకునేవాడు. పొద్దున ఉగ్గాని తింటే ఒక్క బొరుగు కింద పడేది కాదు. వచ్చిన వారంలో నన్ను పిలిచి వాయించమన్నాడు. నేను నాకు వచ్చిన సంగతులన్నీ వేసి, ఊపి, జారించి, ఒక సినిమా పాట ఊదాను. ఆయన అంతా విని, "గాలి శానా ఉండాది అబ్బీ నీ కాడ. అంతా చిల్లర చేసి పారేస్తాండావు" అన్నాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ సాయంత్రం మళ్ళీ ఆయన గది ముందు నిలబడ్డాను.

ఆయన దగ్గర ఒక చేతిపెట్టె గ్రామఫోను, పది పన్నెండు రికార్డులు ఉండేవి. వాటిలో ఒకదాన్ని దుప్పటి మడతల్లో దాచుకున్నాడు. క్లారినెట్‌ను ముందు నిలబెట్టి, వెనక పెద్ద వాయిద్య బృందాన్ని కూర్చోబెట్టి, ఎప్పుడో పోయిన ఒక పరదేశి రాసిన పాట అది. మూడు భాగాలు. దాని అసలు పేరు మా నోళ్ళకు తిరగలేదు, బ్యాండులో అందరం పెద్దపాట అనేవాళ్ళం, నాకిప్పటికీ అదే పేరు. మొదటి భాగం నాకు అర్థం కాలేదు. ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడుకుంటున్నట్టు ఉంది. రెండో భాగం మొదలైంది. ఇంట్లో ఎవరో నిద్రపోతుంటే పక్కన కూర్చున్న మనిషి లేపకుండా మాట్లాడినట్టు, క్లారినెట్ అంత మెల్లగా ఎత్తుకుంది. నాలుగే నాలుగు స్వరాలు పైకి, మళ్ళీ కిందికి. నేనైతే అక్కడ పది సంగతులు వేసేవాణ్ణి. అది ఏమీ వేయలేదు. అదే మాట ఇంకోసారి అంది. వెనకున్న వాళ్ళందరూ, సరే, మాకూ అర్థమైంది అన్నట్టు ఆ మాటనే తిరిగి అన్నారు. మధ్యలో ఒకచోట గొంతు లోతుల్లోకి దిగి, అక్కడినుంచి ఒక్కసారిగా పైకి లేచి, అక్కడ ఏమీ దొరకనట్టు తిరిగొచ్చి, మొదట అన్న మాటనే ఇంకా మెల్లగా అంది. రికార్డు అయిపోయాక కూడా సూది గరగరమంటూ తిరుగుతూనే ఉంది. మాస్టరు తీయలేదు, నేనూ తీయమనలేదు. "ఇది వాయించేటప్పుడు ఆ దేశాల్లో జనం దగ్గు గుడక ఆపుకుంటారంట" అన్నాడాయన.

ఆ మాట నన్ను పట్టుకుంది. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో మొదలుపెట్టి దాదాపు ఏడాదిన్నర మేము ఆ పాట మీద పడ్డాం. కాయితం మీది గీతలూ గుర్తులూ చూసి వాయించడం మాస్టరుకు తప్ప మాలో ఎవరికీ రాదు. ఆయన రికార్డు వింటూ, తన దగ్గరున్న అచ్చు కాయితాలు చూస్తూ, ఫిడేళ్ళు వాయించేది మా చిన్న క్లారినెట్లకు, పెద్ద ఫిడేళ్ళది మా బాకాలకు మార్చి, అంతా సరిగమల్లో, తెలుగు అక్షరాల్లో నోటు పుస్తకాలకెక్కించాడు. అసలు ఆ పాటను ఏ క్లారినెట్ కోసం రాశారో అది మాలాంటిది కాదట, ఇంకాస్త పొడుగుదట. దానికి తగ్గట్టు శ్రుతి కూడా మార్చాడు. రెండో క్లారినెట్ ఖాజా. పక్క వీధిలో రేకుపెట్టెలు చేసేవాళ్ళ అబ్బాయి, నా ఈడువాడే. తెలుగు మాట్లాడతాడుగానీ చదవడం రాదు, తన పుస్తకం తనే ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. మూతబడిన చెనిక్కాయల మిల్లు షెడ్డులో మధ్యాహ్నాలు సాధన. రేకుల కింద ఎండకు క్లారినెట్ కొయ్య పగులుతుందని భయపడి తడిగుడ్డలు చుట్టి పట్టుకునేవాళ్ళం. నూనె తీశాక మిగిలిన పాత పిండి వాసనకు ముక్కులు మూసుకుపోయేవి. నాకు మాత్రం ఒక్క కష్టం ఉండేది. స్వరం దగ్గరికి రాగానే నా వేలు దానంతటదే కదిలి దాన్ని ఊపేది. పుట్టినప్పటినుంచి విన్నది అది. మాస్టరు పుల్లతో స్టాండు మీద కొట్టేవాడు. "ఊపొద్దు. నేరుగా నిలబెట్టు. నిలబెట్టడానికి భయపడినోడే ఊపుతాడు." ఆ ఒక్క స్వరాన్ని ఊపకుండా నిలబెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అది నిలబడిన రోజు ఖాజా తన క్లారినెట్ దించి నావైపు చూసి, "వాహ్ నరసింహా" అన్నాడు, అంతే. నా జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు నాకు తర్వాత ఏదీ రాలేదు. పతకాలు వచ్చాయి, అవి వేరు.

పాట సిద్ధమైంది గానీ ఎవరి ముందు వాయించాలో తెలియలేదు. అప్పుడే ఊళ్ళో ఒక కాలేజీకి కొత్త హాలు కట్టారు. కట్టిన కాంట్రాక్టరు చిన్నాయనకు తెలిసినవాడు. ప్రారంభానికి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడు, బ్యాండు మీదే అన్నాడు. మాస్టరు తనే పోయి, బొత్తాలన్నీ పెట్టుకుని, పెద్దపాట సంగతి అడిగాడు. "ఆయన వచ్చేదాంకా మీ ఇష్టమొచ్చింది వాయించుకోండి మాస్టరూ, జనాన్ని కూర్చోబెట్టాల కదా" అన్నాడు కాంట్రాక్టరు. మాస్టరుకు ఆ మాటలో అనుమతి వినిపించింది. ఆయన కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు, కడప నుంచి కూతుర్నీ తల్లినీ పిలిపించాడు. నాకు ఇంకో మాట కూడా తెలుసు. చిన్నాయన నన్ను పెరట్లోకి పిలిచి చెప్పాడు. "రేయ్, ఆ నాయకుడు ఒక్క ఉత్తరం రాసిస్తే పటాలం బ్యాండులో నీకు ఉద్యోగం. కాంట్రాక్టరు మాటిచ్చినాడు. ఆయన కాలు పెట్టంగానే స్వాగతం పాట పడాల. ఆడ ఎవరు క్లారినెట్ ఎత్తుకున్యారో ఆయన చూడాల. తెలిసిందా?" తెలిసింది అన్నాను. ఈ సంగతి నేను మాస్టరుకు చెప్పలేదు. ఖాజాకూ చెప్పలేదు.

హాల్లో ఇంకా సున్నం వాసన పోలేదు. సాయంత్రం నాలుగు గంటలకు కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. కాలేజీ పిల్లలు, కాంట్రాక్టరు మనుషులు, ఊరి పెద్దలు. ముందు వరసలో మాస్టరు తల్లి, పక్కన పదేళ్ళ సుగుణమ్మ కొత్త గౌనులో. మొదటి భాగం గోలలోనే గడిచింది. వెనకనుంచి ఎవరో సినిమా పాట పేరు అరిచారు, అందరూ నవ్వారు. మాస్టరు వెనక్కి తిరగలేదు. రెండో భాగానికి పుల్ల ఎత్తి, నావైపు చూసి, కళ్ళతోనే 'మెల్లగా' అన్నాడు. నేను ఎత్తుకున్నాను. నాలుగు స్వరాలు పైకి, మళ్ళీ కిందికి. రెండోసారి ఆ మాట అనేసరికి ముందు వరసలు సద్దుమణిగాయి. బ్యాండు తిరిగి అన్నప్పుడు మధ్య వరసలు. గోడ పక్కన నీళ్ళకుండ మోసుకుపోతున్న అటెండరు దాన్ని దించకుండా అలాగే భుజాన పెట్టుకుని నిలబడిపోయాడు. నాకు కనిపిస్తోంది. నేను ఊపడం లేదు. ఒక్కొక్క స్వరం నా ఊపిరి మీద నేరుగా నిలబడుతోంది. మూడు నాలుగు వందలమంది మనుషులు, ఒక్కరూ మాట్లాడటం లేదు. మాస్టరు చెప్పింది నిజమే, జనం దగ్గు కూడా ఆపుకుంటారు, మన ఊళ్ళో కూడా ఆపుకుంటారు.

నాయకులు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు. ఆయన ఆ రోజు ముందుగా వచ్చాడు. బయట కార్ల తలుపులు దబదబా పడ్డాయి. కాంట్రాక్టరు మనిషి ఒకడు మెట్ల కింద నిలబడి తువ్వాలు ఊపుతూ, "స్వాగతం, స్వాగతం" అంటున్నాడు. మాస్టరు వినలేదో, విననట్టు ఉన్నాడో. పుల్ల ఆడుతూనే ఉంది. నేను గొంతు లోతుల్లోకి దిగే చోటు దాటి, పైకి లేచే దగ్గరున్నాను. బాకా పట్టుకున్న చిన్నాయన దాన్ని దించి నా పక్కకు వంగాడు. "రేయ్ నరసింహులూ, ఎత్తుకో. ఆయన వచ్చేసినాడు, ఎత్తుకో!" నేను మాస్టరు ముఖం చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. చేయి గాల్లో అలాగే పట్టుకుని, ఇంకొక్క నిమిషం అన్నట్టు. నిజానికి ఇంకో రెండు నిమిషాలే. తిరిగొచ్చి మొదటి మాట మెల్లగా అంటే ఆ భాగం అయిపోతుంది. నేను క్లారినెట్ నోట్లోంచి తీశాను, పెదవులు తడుపుకున్నాను, స్వాగతం పాట ఎత్తుకున్నాను, నాకు చేతనైనంత గట్టిగా. బాకాలన్నీ నా వెనక వచ్చేశాయి. ఖాజా ఒక్కడే రాలేదు. నా కింద తను వాయించాల్సిన ఆ మెల్లటి వరసనే కాసేపు వాయిస్తూ ఉండిపోయాడు. పక్కనున్నాను గనక వినిపించింది. తర్వాత వినిపించలేదు. నా చప్పుడులో అది ఎక్కడ ఆగిందో నాకు తెలియదు.

మాస్టరు పుల్లను స్టాండు మీద పెట్టి, పుస్తకం మూసి, మెట్లు దిగాడు. తల్లినీ కూతుర్నీ తీసుకుని మధ్య దారిలోనే నడిచాడు. ఎదురుగా నాయకుడి గుంపు, దండలు పట్టుకున్నవాళ్ళు లోపలికి తోసుకొస్తున్నారు. ఆయన్ను ఎవరో గోడకు నెట్టేశారు. గుంపంతా పోయేదాకా కూతుర్ని కాళ్ళకు అదుముకుని గోడకే ఆనుకుని నిలబడి, తర్వాత బయటికి పోయాడు. అదంతా నేను క్లారినెట్ నోట్లో పెట్టుకునే చూశాను.

మర్నాడు బస్టాండుకు పోయాను. గ్రామఫోను పెట్టె ఒళ్ళో పెట్టుకుని కడప బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. తప్పయింది మాస్టరూ అన్నాను. ఉద్యోగం సంగతి కూడా అప్పుడే చెప్పాను, అది చెబితే నా తప్పు తగ్గుతుందని. ఆయన ఓపికగా విన్నాడు. "నీ మింద కోపమేం లేదబ్బీ. నువ్వు బాగా వాయిస్తావు. ఎవరు చెప్తే వాళ్ళకు వాయిస్తావు" అన్నాడు. బస్సు కదిలింది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఉత్తరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళోనే ఉన్న పోలీసు పటాలం బ్యాండులో పనిచేశాను. ఖాకీ కోటు, సొంత స్టాండు, వాయించడానికి ముందే అన్నం. గుర్తులు చూసి వాయించడం అక్కడ నేర్చుకున్నాను. చదవడం వచ్చాక అచ్చు కాయితాలు తెప్పించుకుని మొదట చదివింది ఆ పాటే. అప్పుడు తెలిసింది మాస్టరు మా కోసం ఎన్ని చోట్ల దాన్ని మెత్తగా మార్చి రాశాడో, ఎక్కడా దాని మనసు చెడకుండా. ఒకసారి ధైర్యం చేసి మా అధికారిని అడిగాను, వార్షికోత్సవానికి ఆ రెండో భాగం ఒక్కటి వాయిస్తామని. రెండు వరసలు విని, "ఎవరన్నా పోయినారా? హుషారైంది ఏదన్నా వాయించండయ్యా" అన్నాడు. మళ్ళీ అడగలేదు. వచ్చినవాళ్ళకు స్వాగతం, పోయేవాళ్ళకు వీడ్కోలు, మధ్యలో జెండా. నేను చేసిన పని ఆ సాయంత్రం ఒక్కసారే అని చాలాకాలం అనుకున్నాను, ముప్పై ఏళ్ళూ చేసింది అదే. ఈ లోపల ఊళ్ళో బ్యాండులు పోయాయి. లారీ మీద మనిషెత్తు స్పీకర్లు పేర్చి, గుండె అదిరేలా కొట్టే డీజేలు వచ్చాయి. మమ్మల్ని గట్టిగా ఊదమన్న జనానికి చివరికి వాళ్ళడిగింది దొరికింది. చిన్నాయన బాకాలు తూకానికి పోయాయి. ఇప్పుడు ఆ పాట నా ఫోన్లో ఉంది. ఏ దేశంవాడు వాయించింది కావాలంటే వాడిది వస్తుంది, మధ్యలో నూనెల ప్రకటన వస్తుంది. వింటాను. నేను ఆపిన చోటికి రాగానే నా పెదవులు వాటంతటవే బిగుసుకుంటాయి. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ బాధలో నాకు కొంత గర్వం కూడా ఉండేది. మాస్టరు జీవితంలో ఆ పాట నా వల్ల సగంలో పోయింది, అది పూర్తి చేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని.

కడపలో మాస్టరు ఇల్లు సందు చివర. బండల నేల, తక్కువ ఎత్తు పైకప్పు. సుగుణమ్మకు అరవై దగ్గర పడ్డాయి, తండ్రి మాదిరే సన్నగా ఉంది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి పక్కనే కూర్చుంది. తిన్నాక పెట్టె దించాం. నోటు పుస్తకాలు ఒక్కొక్కటే తీస్తున్నాను. బాకాలవి, డోలువి, నాది. నా పుస్తకం మీద నా పేరు మాస్టరు రాతలో ఉంది, దాని మీది దుమ్ము అరచేత్తో తుడిచాను. దాని కింద ఇంకొకటి, ఉర్దూ అక్షరాల్లో. ఖాజాది అనుకుని తెరిచాను. ఇన్నేళ్ళ సావాసంలో ఆ అక్షరాల్లో సరిగమలు గుర్తుపట్టడం వచ్చింది నాకు. అది రెండో క్లారినెట్ కాదు. మొదటిది. మూడు భాగాలూ, చివరిదాకా, అక్కడక్కడ మాస్టరు ఎర్రపెన్సిలు దిద్దుబాట్లతో.

"ఇదేంది సుగుణమ్మా, ఖాజా ఇది ఎందుకు రాసుకున్యాడు?"

"వాయించడానికే కదన్నా" అంది, నాకు తెలిసిన సంగతే అన్నట్టు. "మా నాయిన ఈడికి వచ్చేసినాక రెండేండ్లకు. నెలకు రెండు తూర్లు బస్సెక్కి వస్తాండె ఖాజన్న. మా నాయినకు అప్పటికే ఒంట్లో బాగలేదు. మా చర్చిలో వాయించినాడు కదా, ఆదివారం మధ్యాన్నం. ఒక హార్మోనియం, ఇస్కూలు పిల్లోళ్ళు నలుగురు. ముప్పై మందిమి ఉంటిమేమో. మొత్తం వాయించినాడన్నా. ఆ పొద్దు మా నాయిన ఏడ్సినాడు. నాలుగు నెల్లకు పోయినాడు." నా ముఖం చూసి ఆగింది. "నీకు తెలీదా అన్నా?"

తెలియదన్నాను. నన్ను పిలవాలని ఎవరికీ అనిపించలేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నేనడిగినా. నరసింహులన్నను పిలుద్దామా నాయినా అంటి. 'వానికి డ్యూటీ ఉంటాది లేమ్మా' అన్న్యాడు." ఆమె దాన్ని మామూలు మాటగానే చెప్పింది. మాస్టరు కూడా మామూలుగానే అని ఉంటాడు.

ఆ వచ్చిన గురువారం ఖాజా దగ్గరికి పోయాను. రేకుపెట్టెల దుకాణాన్ని వాళ్ళ కొడుకు ప్లాస్టిక్ కుర్చీల దుకాణం చేశాడు. దాని ముందు ఒక కుర్చీలో ఖాజా కూర్చుంటాడు. బ్యాండులు పోయేదాకా పెళ్ళిళ్ళలోనే వాయించాడు, పళ్ళు ఊడిపోయాక క్లారినెట్ పట్టలేక మానేశాడు. కట్టుడు పళ్ళతో స్వరం నిలవదు. టీ వచ్చింది. నేను ఉర్దూ పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, మూసేశాడు.

"కడపకు పొయ్యింటివా?"

"పొయ్యింటి. నలభై ఏండ్లకు పైన వారంవారం నీ పక్కన కూర్చుంటాండా ఖాజా. ఒక్క మాట చెప్పల్యా నువ్వు."

"చెప్పల్యా."

"యాల?"

ఆయన టీ గ్లాసు అంచును వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. "నరసింహా, నీకు ఉద్యోగమొచ్చె. ఇల్లొచ్చె, పింఛనొచ్చె. నీ పిల్లోళ్ళు సదువుకున్యారు. సంతోషమే, నా కండ్లతో చూసినా, ఒక్కనాడు కుళ్ళుకోల్యా. నాకేమొచ్చె? పెండ్లిండ్లలో ఊది ఊది పండ్లు పాయె. ఆ ఆదివారం ఒకటి వచ్చె. నీకు చెప్పింటే నువ్వు ఏడుస్తాంటివి, 'నేను ఆపింటి కాబట్టి మాస్టరు నిన్ను పిలిచినాడు' అంటాంటివి. దాన్ని గుడక నీ కతలో కలిపేసుకుంటాంటివి. ఆ ఒక్కటి నాకే ఉండనీ అనుకున్యా. అంతేనప్పా."

సరిగ్గా అదే చేసి ఉండేవాణ్ణి. కడప నుంచి తిరుగు బస్సులో అదే చేశాను కూడా, నేను ఆపకపోయి ఉంటే ఖాజాకు ఆ చర్చి దొరికేదా అని.

కాసేపటికి కోపం తగ్గించుకుని, మెల్లగానే అడిగాను. రెండో భాగం చివర, తిరిగొచ్చి మొదటి మాట అనేచోట, మాస్టరు నిన్ను ఎంత మెల్లగా వాయించమన్నాడు, మూడో భాగం ఆ పిల్లలతో ఎలా నడిచింది, అయిపోయాక ఆయన ఏమన్నాడు, ఇవన్నీ చెప్పమని. ఖాజా పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని బొత్తాం వేసుకున్నాడు.

"అది మాత్రం నేను చెప్పను" అన్నాడు.

టీ డబ్బులు ఆయన కొడుకు ఇవ్వనివ్వలేదు. నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఖాజాకు అది దక్కినందుకు సంతోషించాలని అప్పటినుంచి ప్రయత్నిస్తున్నాను, రావడం లేదు. గురువారాలు రెండు గడిచిపోయాయి, ఆ వైపు పోలేదు. ఆ పాటను నాకంటే ఎక్కువ ప్రేమించినవాళ్ళు ఊళ్ళో లేరని నేను ఎందరితోనో అన్నాను. ఈ జ్ఞాపకాల్లో దాన్ని గురించి అంతా రాయాలని కూర్చున్నాను. నాకు తెలిసింది నేను ఆపిన దాకానే. మిగతాది ముప్పైమంది విన్నారు, నేను వినలేదు, అందుకని అది ఇందులో లేదు.